ఇంటీరియర్ డిజైన్ ఉద్యోగానికి సీవీ ఎలా రాయాలి? శిక్షణ పూర్తయినవారికి సులువైన గైడ్

ఈ సమాచారం ఎవరికి?
• ఐటీఐలో ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్ ట్రేడ్ చదివినవారికి
• ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకాల్లో ఈ కోర్సు పూర్తిచేసినవారికి
• వడ్రంగి, పెయింటింగ్, ఫాల్స్ సీలింగ్ పనుల నుంచి డిజైన్ వైపు రావాలనుకునేవారికి

సీవీ ఎందుకంత ముఖ్యం?
సర్టిఫికెట్ మీరు కోర్సు పూర్తి చేశారని మాత్రమే చెబుతుంది. మీకు ఏ పని వచ్చో చెప్పేది సీవీనే. పని బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే వెనకబడిపోతుంటారు.

1. ముందు ఏ ఉద్యోగమో తేల్చుకోండి
అన్నిటికీ ఒకటే సీవీ పంపకండి. ఉద్యోగాన్ని బట్టి పైన రాసేది మారాలి.
• డ్రాఫ్ట్స్‌మన్: ఆటోక్యాడ్‌లో ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ గీయడం
• త్రీడీ విజువలైజర్: స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్, వీ-రే
• సైట్ సూపర్‌వైజర్: కొలతలు, మెటీరియల్ లెక్క, మేస్త్రీలతో పని చేయించడం
• మాడ్యులర్ కిచెన్ షోరూమ్: కస్టమర్‌తో మాట్లాడటం, కొలతలు, కొటేషన్

2. ఒక్క పేజీ చాలు
కొత్తవారికి ఏ4 సైజులో ఒక పేజీ సరిపోతుంది. వరుస ఇలా ఉండాలి: పేరు, ఫోన్, ఈమెయిల్, ఊరు, కావలసిన ఉద్యోగం, వచ్చిన పనులు, సాఫ్ట్‌వేర్లు, చేసిన ప్రాజెక్టులు, శిక్షణ, చదువు, వచ్చిన భాషలు.

3. పొగడ్త కాదు, పని రాయండి
ఇలా వద్దు: "నేను కష్టపడే మనిషిని, క్రియేటివ్‌గా ఆలోచిస్తాను."
ఇలా రాయండి: "శిక్షణలో 2 బీహెచ్‌కే ఫ్లాట్‌కు స్వయంగా కొలతలు తీసి, ఆటోక్యాడ్‌లో ఫర్నిచర్ లేఅవుట్ గీశాను. వార్డ్‌రోబ్‌కు ఎన్ని ప్లైవుడ్ షీట్లు పడతాయో లెక్క వేశాను."
రెండోది చదివితే మీకు 8 అడుగులు × 4 అడుగుల షీట్ లెక్క తెలుసని యజమానికి అర్థమవుతుంది. వంటగదికి నీళ్లు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ ఎందుకు వాడతారో తెలిస్తే "మెటీరియల్ అవగాహన" కింద రాయండి. ఇంటర్వ్యూలో అడిగితే చెప్పగలిగినవే రాయాలి సుమా!

4. చేతిపనిని దాచకండి
నాన్నగారి దగ్గరో, మేస్త్రీ దగ్గరో వడ్రంగి పని చేశారా? చిన్నతనంగా అనిపించి చాలామంది అది రాయరు. నిజానికి అదే మీ బలం. కాగితం మీద గీసింది సైట్‌లో ఎలా కుదురుతుందో తెలిసినవారు ఆఫీసుకు చాలా అవసరం. "రెండేళ్లు వడ్రంగి సహాయకుడిగా పని, లామినేట్ అతికించడం, హింజ్‌లు, డ్రాయర్ ఛానెళ్లు బిగించడం వచ్చు" అని ధైర్యంగా రాయండి.

5. పోర్ట్‌ఫోలియో జత చేయండి
మీ మంచి పనులు నాలుగైదు చాలు. ఒక్కోదానికి ప్లాన్, త్రీడీ బొమ్మ, ఉంటే సైట్ ఫొటో పెట్టండి. అందులో మీరు చేసిన భాగం ఏదో ఒక లైన్‌లో చెప్పండి. ఇంటి ఫొటోలకు యజమాని అనుమతి తీసుకోండి. నెట్‌లో దొరికిన బొమ్మలు మాత్రం పెట్టొద్దు. దొరికిపోతే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

6. ఇవి రాయకండి
ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు, కులం, మతం సీవీలో అవసరం లేదు.

ప్రశ్నలు – జవాబులు
ప్ర: ఇంగ్లిష్ అంతగా రాదు. ఎలా?
జ: చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. శిక్షణ కేంద్రంలోని సార్‌కో మేడమ్‌కో ఒకసారి చూపించండి.

ప్ర: చదువు మధ్యలో గ్యాప్ ఉంది. చెప్పాలా?
జ: దాచొద్దు. ఆ సమయంలో ఏ పని చేశారో ఒక లైన్ రాస్తే చాలు.

పంపే ముందు చూసుకోండి
☑ ఫోన్ నంబర్ సరిగ్గా ఉందా?
☑ పీడీఎఫ్‌గా మార్చారా? ఫైల్‌కు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టారా?
☑ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయా?

ఎక్కడ నమోదు చేసుకోవాలి?
కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. మీ శిక్షణ కేంద్రంలో ప్లేస్‌మెంట్ చూసేవారికి కూడా ఒక కాపీ ఇవ్వండి.

గమనిక: డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనే వారిని నమ్మకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

మీకు తెలిసినవారిలో ఈ కోర్సు చేసినవారు ఉంటే ఈ పీడీఎఫ్ తప్పకుండా పంపండి.