పాల వ్యాను వెనుక బ్రేకు: లోడు వాల్వును మరువవద్దు

చౌటుప్పల్ వైపు నుంచి పాల కేన్లతో వచ్చే పికప్ వ్యాను హయత్‌నగర్ దాటగానే రద్దీలో పడుతుంది. ఎల్.బి.నగర్ కూడలి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వరకు అడుగడుగునా బ్రేకు వేయక తప్పదు. 40 లీటర్ల కేన్లు 30 ఎక్కిస్తే పాల బరువే సుమారు 1,235 కిలోలు. కేన్ల బరువు అదనం. కేన్లు దించాక అదే వ్యాను తేలికగా తిరిగి వస్తుంది. ఈ రెండు స్థితులకూ వెనుక బ్రేకును సరిపెట్టేది లోడు వాల్వు. మెకానిక్కులు దీనిని ఎల్.ఎస్.పి.వి. అంటారు.

ఎలా పనిచేస్తుంది?

ఈ వాల్వు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని కడ్డీ వెనుక ఇరుసుకు కలిసి ఉంటుంది. బరువు పడితే కమాన్లు వంగి ఛాసిస్ ఇరుసుకు దగ్గరవుతుంది. అప్పుడు వాల్వు వెనుక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. వ్యాను ఖాళీ అయితే ఒత్తిడి తగ్గిస్తుంది. లేకుంటే వెనుక చక్రాలు పట్టేసి బండి జారుతుంది. అంటే వాల్వు బరువును తూచదు, ఎత్తును మాత్రమే చూస్తుంది.

చిక్కు ఎక్కడ?

ఎక్కువ లోడు కోసం అదనపు కమాన్ పట్టీలు వేయించడం చాలాచోట్ల అలవాటు. ఆ తరువాత నిండు లోడుతో కూడా బండి ఎత్తుగానే నిలుస్తుంది. వాల్వు దానిని ఖాళీ బండిగా లెక్కిస్తుంది. వెనుక బ్రేకు బలహీనపడి భారమంతా ముందు చక్రాల మీద పడుతుంది. ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. ఆగే దూరం పెరుగుతుంది. పాత కమాన్లు కుంగినా, కడ్డీని పైకి కట్టేసినా ఫలితం తారుమారు: ఖాళీ వ్యాను వానలో వెనుక నుంచి జారుతుంది.

వరుసగా చూడవలసినవి

1. బ్రేకు ఆయిల్ మట్టం, చక్రాల దగ్గర కారుడు, లైనింగుల అరుగుదల చూడండి. పెడలు మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరిందేమో పరీక్షించాలి.

2. ఇంజను ఆపి పెడలును నాలుగైదుసార్లు నొక్కండి. కాలు తీయకుండా ఇంజను స్టార్టు చేయండి. పెడలు కొద్దిగా దిగాలి. దిగకపోతే బూస్టరును, దాని వాక్యూమ్ గొట్టాన్ని చూపించాలి.

3. వెనుక ఇరుసు పైన లోడు వాల్వు కడ్డీ ఊడిందా, వంగిందా, మట్టి పట్టి బిగిసిందా చూడండి.

4. కమాన్లు మార్చి ఉంటే వాల్వును తిరిగి సరిచేయించండి. కడ్డీని అందాజుగా వంచనీయవద్దు. కంపెనీ పుస్తకంలోని కొలతల ప్రకారం, ఒత్తిడి గేజీలతో చేయాలి. ఎల్.బి.నగర్ దాపున ఉన్న ఆటోనగర్‌కు వెళ్ళినప్పుడు ఈ మాట ముందే చెప్పండి.

5. పని అయ్యాక నిర్జనమైన చోట, తక్కువ వేగంతో, ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో ఆపి చూడండి.

ఎ.బి.ఎస్. ఉన్న కొన్ని వాహనాలలో ఈ వాల్వు ఉండదు. మీ వ్యాను పుస్తకం చూసి తెలుసుకోండి.

సంఘ కార్యదర్శులకు

పట్టీలు పెంచితే కమాన్లు గట్టిపడతాయే గాని బ్రేకు బలం పెరగదు. ఆర్.సి.లో రాసిన బరువు హద్దు మారదు. వేగం 40 కిలోమీటర్ల నుంచి 60కి పెరిగితే, బ్రేకు పట్టిన తరువాత బండి సాగే దూరం రెండింతలు దాటుతుంది. వ్యాను సంఘానిదైనా, అద్దెదైనా, కమాన్ పని జరిగిన తేదీని, వాల్వు సరిచేసిన తేదీని రిజిస్టరులో పక్కపక్కనే రాయించండి. రెండవ గడి ఖాళీగా ఉంటే ఆ వ్యానుకు పాలు ఎక్కించవద్దు.