అనధ్యయనము - ఆర్జిత సెలవు

వేదపాఠశాలలలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినములు. ఆ దినములలో క్రొత్త పాఠము చెప్పరాదు, పాతది వల్లింపరాదు. అమావాస్యనాటి పాఠము గురువునకును, చతుర్దశినాటిది శిష్యునకును, అష్టమీ పూర్ణిమలనాటిది వేదమునకే చేటని మనుస్మృతి చతుర్థాధ్యాయము చెప్పుచున్నది. పాడ్యమినాడు చదువువాని విద్య సన్నగిల్లునన్న మాట ఎంత ప్రసిద్ధమనగా, సుందరకాండములో హనుమంతుడు కృశించిన సీతమ్మను వర్ణించుచు ఆ విద్యతోనే పోల్చెను. వినినవారు వానరులు! వారికి సయితము తెలిసిన సంగతియన్నమాట.

ఇచ్చట ఒక విశేషము కలదు. ఆ విరామము శిష్యుడు కోరి పుచ్చుకొనునది కాదు, తిథియే ఇచ్చును. అడుగవలసిన పని లేదు గనుక అడుగుటకు సంకోచమును లేదు. గురువునకును అదియే నియమము. నిత్యకర్మలకు, హోమమంత్రములకు మాత్రము అనధ్యయనము వర్తింపదు.

నేటి ఉద్యోగి సెలవు అట్టిది కాదు. కేంద్రప్రభుత్వోద్యోగికి జనవరి 1న 15, జూలై 1న 15 దినముల ఆర్జిత సెలవు ఖాతాలో చేరును. వాడుకొననిది 300 దినములవరకు పదవీవిరమణనాడు ధనరూపమున చేతికి వచ్చును. కావున సెలవు పెట్టుట దాచిన సొమ్ము తీసి ఖర్చుచేయుటవలె తోచును. ప్రయివేటు కొలువులు కొన్నింటిలో ఏడాది ముగియగానే మిగిలిన సెలవు మురిగిపోవును. అయినను అచ్చటివారిలోను వాడుకొననివారు కలరు! కనుక ధనాశ యొక్కటే కారణమనుట పొసగదు. పై అధికారి ముఖము చిట్లించునన్న భయము, తిరిగివచ్చుసరికి బల్లపై పేరుకొను కాగితములు, రోగమునకో పిల్ల పెండ్లికో ఉండనిమ్మను జాగ్రత్త - ఇవన్నియు నిజములే. జీతముపై బ్రతుకు సంసారిని వీనికై తప్పుపట్టరాదు.

కాని వీని అడుగున మరియొకటి దాగియుండును. 'నేను లేనిదే పని సాగదు' అనునది. ప్రకృతిగుణములచే జరుగు కర్మలకు తానే కర్తనని అహంకారముచే మూఢుడైనవాడు తలచునని గీత తృతీయాధ్యాయమున భగవానుడు చెప్పినది దీనినే. పైకి కర్తవ్యదీక్షవలె కనబడుటచే దీనిని పట్టుకొనుట కష్టము.

2015లో గోదావరి పుష్కరములు వచ్చినవి. పండ్రెండు దినములు. తల్లిని రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోవలెనని తలచియు, ఆ నెలలో లెక్కల పని యున్నదని మానుకొన్న కొడుకు ఒకడున్నాడనుకొందము. మరల పుష్కరము 2027లో. నాడు డెబ్బదియేండ్ల తల్లికి అప్పటికి ఎనుబదిరెండు. ఖాతాలో సెలవు భద్రముగనే యుండును. రేవు మెట్లు దిగుటకు ఆమె మోకాళ్లు సమ్మతింపవలెను గదా!