కొత్త జీవశాస్త్ర ఉపాధ్యాయురాలికి: దాటవేయకూడని పాఠం



ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ పదో తరగతిలోని ప్రత్యుత్పత్తి పాఠం ఒక పరీక్ష. పువ్వులోని కేసరాల గురించి వివరంగా చెప్పి, మానవ ప్రత్యుత్పత్తి దగ్గరకు రాగానే ఇంటి దగ్గర చదువుకోమని పేజీ తిప్పేయడం ఉపాధ్యాయులకు సులువే గాని, దాని మూల్యం చెల్లించవలసి వచ్చేది ఆడపిల్లలే.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల వయసు ఆడవారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు లేదా గర్భంతో ఉన్నారు. దేశ సగటు 6.8 శాతం కాగా తెలంగాణలో అది 5.8 శాతం. అదే సర్వేలో, 20-24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. భారతదేశంలో కౌమార గర్భాలు, అంటే ఇరవై ఏళ్లలోపు వచ్చే గర్భాలు, ఎక్కువగా వివాహబంధంలోనే సంభవిస్తున్నాయి కనుక, పెళ్లయ్యేదాకా ఆగమని మాత్రమే చెప్పే బోధన ఇక్కడి ఆడపిల్లను కాపాడలేదు. ఆమెకు పెళ్లినే ఆపే జ్ఞానం కావాలి.

ఆ జ్ఞానాన్నిచ్చే లైంగిక విద్య అంటే శరీర నిర్మాణం, నెలసరి, గర్భధారణ, గర్భనిరోధం, సుఖవ్యాధులు, సమ్మతి, చట్టం అనే అంశాలను వయసుకు తగినట్లు వరుసగా నేర్పే బోధన. సమ్మతి అంటే భయం, ఒత్తిడి, మోసం లేకుండా, విషయం తెలిసి ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడం. 18 ఏళ్లలోపు వారి సమ్మతిని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం గుర్తించదు. ఆ వయసులోపు భార్యతో లైంగిక సంబంధం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. బాల్యవివాహ నిషేధ చట్టం 2006లోనే వచ్చినా, ముహూర్తం పెట్టిన ఇంట్లోని పిల్లకు బాలల సహాయ ఫోన్ నంబరు 1098 తెలియకపోతే ఆ చట్టం కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రులు భయపడటం సహజమే. అయితే యునెస్కో 2018లో సవరించి వెలువరించిన మార్గదర్శకాలు పరిశోధనలను సమీక్షించి, ఈ విద్య లైంగిక కార్యకలాపాన్ని పెంచదని, పైగా తొలి సంబంధం ఆలస్యం కావడానికి, కండోమ్ వాడకం పెరగడానికి తోడ్పడుతుందని తేల్చాయి. తెలియజెప్పకపోతే వచ్చే ప్రమాదమే పెద్దది: ఇరవై ఏళ్లలోపు తల్లులకు, రక్తపోటు హెచ్చి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం, కాన్పు తర్వాత గర్భసంచికి సోకే ఇన్‌ఫెక్షన్ వంటి ముప్పులు ఎక్కువని, వారి బిడ్డలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే అవకాశమూ ఎక్కువేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బోధన పదో తరగతిదాకా ఆగకూడదు. చాలామంది ఆడపిల్లలు అంతకు ఎంతో ముందే పెద్దమనిషి అవుతారు, బడి మానేసిన పిల్లకు పదో తరగతి పాఠం అందనే అందదు. మొదటిసారి కలిస్తే గర్భం రాదన్నది అపోహ అని, కండోమ్ గర్భాన్నీ సుఖవ్యాధులనూ రెండింటినీ నివారించడానికి తోడ్పడుతుందని, అత్యవసర గర్భనిరోధక మాత్రను ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలని, అప్పటికే వచ్చిన గర్భాన్ని అది తీసివేయదని స్పష్టంగా చెప్పాలి. ఈ మాటలు మగపిల్లలూ వినాలి; గర్భానికి సగం కారణమైనవాడికి తెలియనవసరం లేదనుకోవడం అన్యాయం. సిగ్గుపడి అడగలేని పిల్లల కోసం పేర్లు రాయని చీటీలు పెట్టెలో వేయించి, జవాబులు తరగతి అంతటికీ చెప్పడం మంచి పద్ధతి.

ఎవరైనా పిల్ల తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకుంటే, మందలించకుండా వినడం ఉపాధ్యాయురాలి మొదటి ధర్మం. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వడం మాత్రం తగదు, ఎందుకంటే విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం శాసిస్తుంది. ఆ పిల్ల అప్పటికే గర్భంతో ఉంటే, మైనరుకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాలదాకా గర్భస్రావం చేయడానికి గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ అనుమతిస్తోంది. గర్భస్రావానికి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు వైద్యులు వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. నాటువైద్యం పాలు కాకుండా ఆమెను ఆసుపత్రికి చేర్చడానికి ఈ రెండు సంగతులూ చాలు.

కనుక, అమ్మా, ఈ ఏడాది ఆ పాఠాన్ని పూర్తిగా, తలెత్తి, తరగతిలోని ఆడా మగా పిల్లలందరికీ చెప్పాలి. ఏ ఒక్క పిల్లా తెలియక తల్లి కాకూడదు.

ఆశీస్సులతో,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు