బండ పలుకు

మంచుకొండల్లో చరియలు విరిగిపడే ముందు ఒక్కొక్కసారి అడుగుపొర కుంగి, బోలుగా మూలుగుతుంది. కొత్తగూడెం మొదలు గోదావరిఖని వరకు భూగర్భ గనుల్లో పనిచేసే సింగరేణి కార్మికులకు అటువంటి ముప్పు నెత్తిమీదనే ఉంటుంది. బొగ్గు తీసినకొద్దీ పైకప్పు ఆధారం కోల్పోతుంది. అందుచేత ఇనుపకడ్డీతో బండను తట్టి చూస్తారు. గట్టిబండ ఖంగుమంటుంది, పొర వీడిన బండ డొల్లగా పలుకుతుంది. అప్పుడు దానిని పడగొట్టే వరకో, ఆధారాలు బిగించే వరకో ఎవరూ దాని కిందికి వెళ్ళరాదు. ఆ రక్షణ పనికి ముందుగా వెళ్ళేవారికీ ప్రమాదం పొంచి ఉంటుంది. 2022 మార్చి 7న రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. వారిలో భద్రతాధికారి ఒకరు. బొగ్గు కంటె ముందు బండను చూసుకోవాలన్నది గని నేర్పే తొలి పాఠం.