మానుట, మానియుండుట

మౌసలపర్వము భారతమున మిక్కిలి చిన్న పర్వములలో నొకటి. తెలుగున దానిని తిక్కన సోమయాజి రచించెను. యాదవనాశమునకు మునిశాపమే కారణమని పలువురు చెప్పుదురు. శాపమునకును నాశమునకును నడుమ మద్యమున్నదను సంగతి అంతగా తలపునకు రాదు.

ముసలము పుట్టిన పిమ్మట ద్వారకలో నొక చాటింపు జరిగెను. ఇక నేయింటను సురను, ఆసవమును చేయరాదు. చేసినవానిని బంధువులతో గూడ కొఱత వేయుదురు. ఉగ్రసేనుని పేరను, బలరామకృష్ణుల పేరను ఈ యాజ్ఞ వెలువడెను. జనులు భయపడి మానిరి. తరువాత దుర్నిమిత్తములు తోపగా శ్రీకృష్ణుడే వారిని తీర్థయాత్రకు బయలుదేరదీసెను. నేటి గుజరాతున సోమనాథము దాపున నున్న ప్రభాసమున, ఆ క్షేత్రముననే, త్రాగుడు మరల మొదలయ్యెను. బ్రాహ్మణులకై వండిన యన్నమున మద్యము కలిపి కోతులకు పెట్టిరట! మత్తులో సాత్యకి కృతవర్మలు పాత యుద్ధపు నేరములను ఎత్తిపొడుచుకొనిరి. సాత్యకి కృతవర్మ తల నఱకెను. తుంగపరకలు రోకళ్లయ్యెను. భగవంతుడు చెంతనుండగనే యిదంతయు జరిగినది.

ఆజ్ఞ వలన చేయి ఆగును గాని రుచి పోదు. ఆంధ్రదేశముననే చూడవచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి, 1993లో రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలెను. ఆ తల్లుల పోరాటము గొప్పది. అయినను దుకాణము మూయించుట వేరు, త్రాగువాని మనస్సు మరలుట వేరు.

విషయములను మానినను వానియందలి రుచి మిగులునని, పరమును చూచిన పిమ్మటనే యది తొలగునని గీత రెండవ యధ్యాయము తెలుపుచున్నది. పరమనగా విషయములకన్న మిక్కిలి సుఖమైన ఆత్మస్వరూపమని శ్రీరామానుజుల భాష్యము. ఇచట నొక చిక్కు గలదు. ఆత్మదర్శనము లేక రాగము పోదు. రాగము పోక దర్శనము కాదు. త్రాగువాడు చిక్కుకొన్న ముడి సరిగా నిదియే. శుభాశ్రయుడైన భగవంతునియందు మనస్సు నిలుపుటయే దీనినుండి వెలువడు దారియని భాష్యకారులు చూపిరి. అనగా రుచి పోవువఱకు వేచియుండ నక్కఱలేదు. రుచి యుండగనే సేవ మొదలిడవచ్చును.

దేహధర్మమును మఱవరాదు. ఏండ్ల తరబడి నిత్యము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో కొలది దినములలోనే వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. అట్టివానిని గదిలో నుంచి తాళము వేయుట తగదు. తీర్థ మిచ్చి సరిపెట్టుటయు తగదు. వైద్యుని యొద్దకు గొనిపోవలెను.

పిమ్మట పని యంతయు అభ్యాసముది. జన్మమంతయు త్రాగనను ప్రతిన కొందఱికి బరువగును. ఈ దినము త్రాగనను మాట నిలుపుకొనవచ్చును. పూర్వము దుకాణమునకు పోయిన వేళయే సంధ్యాదీపపు వేళ. ఆ గడియకు పూలు కట్టుటయో, నామపారాయణమో, కోవెల ప్రాకారము తుడుచుటయో నియమముగా నుండవలెను. ఎన్నడైన తప్పినచో ఇంటివారు గడిచిన నెలలన్నియు వ్యర్థమనరాదు. తెల్లవారిన పిమ్మట ఆ గడియ మరల నుండనే యున్నది.

తిరుమల కొండపై మద్యము నిషిద్ధము గనుక యాత్రికునికి అచట శోధన తక్కువ. కొండ దిగిన తొలి సాయంకాలమున, మండలదీక్ష ముగిసి మాల తీసిన రాత్రి, అతనికి తోడుగా నింటివారొకరు మెలకువతో నుండుట మేలు.