ప్రశ్నలు - జవాబులు: పురుషులను విడిచి లెక్కింపవచ్చునా?

ప్రశ్న: నేనొక ప్రైవేటు సంస్థలో లెక్కలు వ్రాయు ఉద్యోగినిని. మేము అరువదిమందిమి, అందులో స్త్రీలము పదునలుగురమే. నా ప్రసూతి సెలవు వచ్చు నెలతో ముగియుచున్నది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మా అమ్మ పల్లె విడిచి రాలేదు. డే కేర్‌వారడుగు సొమ్ము నా జీతములో మూడవ వంతు. ఆఫీసులో క్రెష్ పెట్టుమని అడుగగా, స్త్రీలు ముప్పదిమందికి మించినగాని చట్టము వర్తింపదని మేనేజరుగారు సెలవిచ్చిరి. నిజమేనా?
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ మేనేజరుగారు అబద్ధమాడలేదమ్మా; పాత పంచాంగము చూచి తిథి చెప్పినారు, అంతే. ముప్పదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములలో ఆరేండ్లలోపు పిల్లలకు గది ఏర్పరుపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించినది. స్త్రీలను లెక్కించు చట్టము, వారిని తక్కువగా నియమించుటకు యజమానికి తానే ఒక సాకును అందించును గదా! 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో జరిగిన సవరణ ఆ లెక్కనే మార్చి, స్త్రీపురుష భేదము లేక ఏబదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థయు, వేరుగాగాని ఇతరులతో కలిసిగాని, క్రెష్ సదుపాయము కల్పింపవలెననియు, తల్లి తన విశ్రాంతి వేళతో కలిపి దినమునకు నాలుగు మార్లు బిడ్డను చూచి రావచ్చుననియు శాసించినది. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమము నిలిచియే యున్నది. మీ అరువదిమందిలో తక్కిన నలువది యార్గురిలో తండ్రులు లేరా?

కనుక అర్జీని మీరొక్కరే వ్రాయక, ఆ తండ్రులచేతను సంతకములు చేయింపుడు. అదే భవనమునందలి ఇతర ఆఫీసులతో కలిసి ఒకే క్రెష్ నడుపవచ్చునని అందులో సూచించినచో, ఖర్చను అభ్యంతరమును సగము తగ్గును. అప్పటికిని ఉలుకు పలుకు లేనిచో కార్మిక శాఖవారికి ఫిర్యాదు చేయవచ్చును. ఈలోగా మరి రెండు సంగతులు: బిడ్డకు పదునైదు నెలలు నిండువరకు, మామూలు విశ్రాంతిగాక, పాలిచ్చుటకు దినమునకు రెండు విరామములు మీ హక్కు, ఇంటినుండి పనిచేయుటమాత్రము హక్కు కాదు, ఉభయుల ఒప్పందము. లెక్కల పని అందుకు అనుకూలమైనదే, అడిగి చూడుడు.

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగియైన తండ్రికి సెలవు లేదా?
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: చట్టము ఈయలేదు, మీ సంస్థ నియమావళిలో నున్నచో ఉన్నట్లు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 దినములు కలవు. కేంద్రోద్యోగినులకు 730 దినముల శిశు సంరక్షణ సెలవును కలదుగాని, అది పురుషునకు దక్కవలెనన్న అతడు ఒంటరి తండ్రి కావలెను. భార్య ఉన్నంతకాలము పిల్లలు ఆమెవారేయని ప్రభుత్వమువారి అభిప్రాయము కాబోలు! మీ భార్యయు ఉద్యోగినియైనచో, మీ అర్జిత సెలవును ప్రసవ సమయముననే వ్యయపరుపక, ఆమె సెలవు ముగిసిన మరునాటికి కొంత దాచుకొనుడు. బిడ్డ కొత్తచోటికి అలవాటుపడు ఆ మొదటి పక్షములో, ఉదయము దిగవిడిచి, ఏడ్పు ఆగకున్న మధ్యాహ్నమే తీసికొని వచ్చుటకు ఇంట ఒకరుండవలెను.