మర్నాటి టిఫిన్

మా వైపు పెళ్లికి వెళితే మన ఒంటి గురించి నలుగురైనా మాట్లాడకుండా వదలరు. రావులపాలెం దగ్గర బంధువుల పెళ్లిలో ఒక పిన్ని నా జబ్బ పట్టుకుని "ఏంటే, ఇంత ఒళ్ళు చేశావ్?" అంది. పది నిమిషాలు తిరక్కుండా పంక్తిలో అదే పిన్ని, నేను చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా, నా ఆకులో రెండో బొబ్బట్టు వేసి దాని మీద నెయ్యి ఒంపింది. రెండూ ప్రేమతోనే చేసింది. గోదావరి జిల్లాల్లో మారు వడ్డించకపోతే మర్యాద తప్పినట్టు, వద్దంటే అలిగినట్టు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వండి పెడితే దేశమంతా చెప్పుకున్నారు. ఇలాంటి చోట "నాకు తిండితో ఇబ్బందిగా ఉంది" అని చెప్పుకోవాలంటే మాట ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

ఆ పెళ్లిలో నేను తిన్నది తక్కువే. బొబ్బట్టు రెండూ ఆకులోనే వదిలేశాను. అసలు తిండి ఆ రాత్రి.

రాజమండ్రిలో మా ఇల్లు. ఒంటిగంట దాటింది. అమ్మ పక్కగదిలో నిద్రపోతోంది. వంటింట్లో లైటు వెయ్యలేదు, ఫ్రిజ్ తలుపు కొద్దిగా తీసి ఆ వెలుతురు సరిపెట్టుకున్నాను. ఆత్రేయపురం నుంచి మావయ్య పంపిన పూతరేకుల పెట్టె గూట్లో ఉంది. పూతరేకుని నమలక్కర్లేదు. నాలుక మీద పెడితే పొర పొరగా కరిగిపోతుంది. అందుకే ఎన్ని తిన్నామో తెలియదు. మొదటిది రుచిగా ఉంది. మూడోదానికి రుచి పోయింది. ఆ తర్వాత చెయ్యి పెట్టెలోకి, పెట్టెలోంచి నోట్లోకి, అంతే. బెల్లం పొడి నేల మీద రాలితే పొద్దున్నకి చీమలు పట్టి అమ్మకి తెలిసిపోతుందని గడ్డం కింద పళ్ళెం పట్టుకుని తిన్నాను. పెట్టె అయిపోయాక మధ్యాహ్నం మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకుని నిలబడే తిన్నాను. అన్నం చల్లగా గట్టిగా ఉంది. కడుపు నొప్పెడుతున్నా చెయ్యి ఆగలేదు. ఖాళీ పెట్టెని మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచి, మర్నాడు ఆఫీసుకి వెళ్తూ దేవీచౌక్ దాటాక చెత్తకుండీలో పడేశాను. సాయంత్రం అలాంటిదే ఇంకో పెట్టె కొన్నాను. అమ్మ అప్పటికే రెండు తిని ఉంది కాబట్టి, లెక్క కుదరడానికి అందులోంచి రెండు తీసేసి గూట్లో పెట్టాను.

తీసేసిన ఆ రెండు ఏం చేశానో మీకు తెలుసు.

దీన్ని తిండిపోతుతనం అంటే నేను ఒప్పుకోను. మా తాతయ్య తిండిపోతే. పులస పులుసు ఉందంటే అందరినీ కేకేసి పిలిచి, మెచ్చుకుంటూ, చెమటలు కక్కుతూ తినేవాడు, తిన్నాక హాయిగా నిద్రపోయేవాడు. నా తిండిలో హాయి లేదు, తోడు లేదు. తింటున్నంతసేపూ భయం, తిన్నాక అసహ్యం. దీనికి వైద్యంలో పేరుంది: బింజ్ ఈటింగ్ డిజార్డర్. ఆల్బర్ట్ స్టంకర్డ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1959లోనే తన రోగుల్లో ఈ తీరుని గమనించి రాశాడు. అయినా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని విడి జబ్బుగా గుర్తించింది 2013లో. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. కొద్దిసేపట్లో మామూలు మనిషి తినేదానికంటే చాలా ఎక్కువ తినడం, తింటున్నప్పుడు పగ్గం మన చేతిలో లేదనిపించడం, ఆకలి లేకున్నా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తనని తాను తిట్టుకోవడం. ఇలా కనీసం వారానికోసారి, మూడు నెలలపాటు జరిగితే డాక్టర్లు ఈ పేరు పెడతారు. తిన్నది కక్కెయ్యడం లాంటివి కూడా ఉంటే అది వేరే జబ్బు, దాని ప్రమాదాలు వేరు. సన్నగా ఉన్నవాళ్ళకీ, మగవాళ్ళకీ కూడా ఇది వస్తుంది.

ఈ పేరు తెలియని రోజుల్లో నేను దీన్ని సంకల్పబలం లేకపోవడం అనుకున్నాను. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మా అల్మారాలో ఒక వరసంతా ఉండేవి. ఏది తెరిచినా మనసుని జయించమనే ఉండేది. ఇంట్లో పెద్దవాళ్ళ మాట ఇంకా చిన్నది: నోరు కట్టుకో. లంఖణం పరమౌషధం అన్నారు కదా అని పొద్దున్న టిఫిన్ మానేశాను. తర్వాత రాత్రి అన్నం మానేశాను. ఒక బరువు తగ్గించే సెంటర్‌లో చేరితే వాళ్ళు అన్నమే మానెయ్యమన్నారు. వరిచేల మధ్య పుట్టిన మనిషిని అన్నం మానెయ్యమంటే నెలరోజులు మానేస్తుంది. ముప్పై ఒకటో రోజున అర్ధరాత్రి గిన్నె ముందు కూర్చుంటుంది. కార్తీకమాసం వస్తే నాకు పండగే. సోమవారాలు నక్షత్రాలు చూసేదాకా పస్తుంటే ఎవరూ ఏమీ అడగరు, పైగా భక్తి అంటారు. భక్తితో చేసేవాళ్ళ ఉపవాసం మీద నాకు గౌరవమే. నాది మాత్రం భక్తి కాదు, ముందు రాత్రి తిన్నదానికి కట్టుకున్న జరిమానా. ఆ జరిమానాయే మళ్ళీ రాత్రి తిండికి దారి తీసేది.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదని నాకు నమ్మకం కుదిర్చింది ఒక పాత ప్రయోగం. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, ఆకలితో అలమటించేవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని తీసుకున్నాడు. శరీరం, మనసు రెండూ గట్టిగా ఉన్నవాళ్ళనే ఏరి తీసుకున్నాడు. 1945లో ఆరు నెలలపాటు వాళ్ళకి రోజుకి దాదాపు 1,570 కేలరీల తిండి పెట్టారు. సెంటర్‌లో నాకు రాసిచ్చిన చీటీలో అంతకంటే తక్కువే ఉండేది. ఆ ఆరు నెలల్లో వాళ్ళకి తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, పళ్ళేలు నాకారు, చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు. కట్టడి తీసేశాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక, ఒంట్లో బాగుండనంతగా తిన్నారు. అంతకుముందు వాళ్ళెవరికీ తిండి పిచ్చి లేదు. పస్తు పెడితే గట్టి మనిషికైనా అంతే జరుగుతుంది. అందరిలోనూ ఈ జబ్బు పస్తులతోనే మొదలవుతుందని కాదు. దిగులు, ఒంటరితనం, చిన్నప్పటి నుంచి పడ్డ మాటలు, రక్తసంబంధంలో వచ్చే స్వభావం అన్నీ ఉంటాయి. కానీ పస్తు దాన్ని పెంచి పోషిస్తుంది.

కాకినాడలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వెళ్ళి మొదట అడిగింది "బరువు ఎలా తగ్గాలండీ?" అనే. ఆవిడ "తగ్గుదురుగాని. ముందు మీరు పొద్దున్న ఏం తింటున్నారో చెప్పండి" అన్నారు. ఏమీ తినడం లేదన్నాను. "అయితే మన పని అక్కడే మొదలు" అన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఇలాంటి తిండి జబ్బులకి తీర్చిదిద్దిన చికిత్సలో మొదటి మెట్టు అదేనట: వేళకు తినడం. మూడు పూటలు తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకి మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం. ఆకలి ఉన్నా లేకపోయినా, ముందు రాత్రి ఏం జరిగినా. ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. అందులో కేలరీలు రాయొద్దన్నారు. ఎన్నింటికి తిన్నాను, ఏం తిన్నాను, ఎక్కడ కూర్చుని తిన్నాను, అప్పుడు మనసులో ఏముంది, అంతే. బరువు వారానికి ఒక్కసారే చూసుకోవాలి.

మొదటి వారం నోట్‌బుక్‌లో రాసుకున్నది తర్వాత చదివితే నాకే ఆశ్చర్యం వేసింది. అర్ధరాత్రి తిండి జరిగిన ప్రతి రోజూ, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత రాత్రి తొమ్మిదింటిదాకా ఒక్క గీత లేదు. ఎనిమిది గంటల ఖాళీ. అన్నేళ్ళూ నేను కాపలా కాసింది అర్ధరాత్రిని. చిల్లు పడింది సాయంత్రం నాలుగింటికి.

ఆ నాలుగింటి చోట ఇప్పుడు ఉడకబెట్టిన శనగలు ఉన్నాయి. ఒకరోజు శనగలు, ఒకరోజు వేరుశనక్కాయలు, ఒకరోజు కోడిగుడ్డు, మామిడిపళ్ళ రోజుల్లో ఒక పండు. పొద్దున్న పెసరట్టో ఇడ్లీనో. మధ్యాహ్నం అన్నమే, తోటకూర పప్పో చేపల పులుసో పెట్టుకుని, పెరుగుతో. అన్నం మానలేదు. కూర ఎక్కువ, అన్నం కొంచెం తక్కువ అయింది, అదీ తర్వాత తర్వాత. ఏ వస్తువుకీ నిషేధం పెట్టలేదు. నిషేధించినదే అర్ధరాత్రి గుర్తొస్తుంది.

అమ్మకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆవిడ బెండకాయలు తరుగుతుంటే చెప్పాను. పూతరేకుల పెట్టె మార్చి పెట్టిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది. "ఆకలేస్తే నన్ను లేపొచ్చు కదే" అంది. ఆకలి కాదమ్మా అన్నాను. "పగలంతా మాడితే రాత్రి ఊరుకుంటుందా కడుపు?" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతుంది: తిన్నావా? ఎంత తిన్నావని ఎప్పుడూ అడగలేదు. బరువు మాట ఎత్తలేదు.

మన కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆకలితో వచ్చినవాడు అన్నానికి తగినవాడా కాదా అని ఆవిడ లెక్క చూడలేదంటారు. నేను ముప్పై ఏళ్ళు నా కడుపుని రోజూ ఆ లెక్కే అడిగాను. నిన్న తిన్నావు, ఈ రోజు నీకు లేదు పొమ్మన్నాను. సొంత ఆకలికి అంత మర్యాద ఇవ్వడం నాకు ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక బరువు. నేను ఎన్ని కిలోలు ఉండేదాన్నో, ఎన్ని తగ్గానో ఇక్కడ రాయను. ఇదే ఇబ్బందిలో ఉన్న ఎవరో అది చదివి తమ లెక్కతో పోల్చుకుంటారు, ఆ రోజు టిఫిన్ మానేస్తారు. జరిగిన వరస మాత్రం చెబుతాను. మొదటి మూడు నెలల్లో ఏమీ తగ్గలేదు. ఒక నెలలో పెరిగాను కూడా. ఈ చికిత్సతో రాత్రి తిండి అదుపులోకి వచ్చినా బరువు పెద్దగా తగ్గదని పరిశోధనలు చెబుతున్నాయని డాక్టరుగారు ముందే అన్నారు, అయినా ఏడ్చాను. ఆరో నెలకి అర్ధరాత్రి తిండి నెలకి ఒకటీ రెండుసార్లకి వచ్చింది. అప్పుడు గానీ ఆవిడ నడక మాట ఎత్తలేదు. పొద్దున్నే గోదావరి గట్టు మీద నలభై నిమిషాలు. రెండో ఏడు జాకెట్లు వదులయ్యాయి. మెల్లగా, కొన్ని నెలలు అసలు కదలకుండా, మళ్ళీ కొంచెం. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగరు, బీపీలకి మేలే కాబట్టి, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దన్నారు. నాకు అదే ఎక్కువనిపించింది.

ఈ మధ్య అందరూ బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడుగుతున్నారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. డాక్టరు చూసి అవసరమన్నవాళ్ళకి అవి మంచి మందులే. కానీ వాటికి అనుమతి ఉన్నది ఊబకాయానికీ మధుమేహానికీ గానీ ఈ జబ్బుకి కాదు. రాత్రి తిండి సంగతి దాచి బరువు ఒక్కటే చూపించి ఆ మందు రాయించుకోవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు తిండి వేళలు మార్చుకునేముందు డాక్టరుకి చెప్పాలి. ఎవరికీ ముఖం చూపించి చెప్పలేకపోతే 14416 ఉంది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బాగైపోయిందని అనుకున్నాక సంక్రాంతి వచ్చింది. స్టీలు డబ్బా నిండా అరిసెలు. భోగి రాత్రి బంధువులందరూ పడుకున్నాక లేచాను. ఎన్ని తిన్నానో మళ్ళీ లెక్క లేదు. నువ్వులు పళ్ళలో ఇరుక్కుని, వేళ్ళకి నెయ్యి జిడ్డు. అదే సిగ్గు, అదే చీకటి. పడుకుని పైకప్పు చూస్తూ, రేపు పండగ కాబట్టి వంటపనిలో ఉన్నట్టు నటిస్తే మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా గడిపెయ్యొచ్చని ఆలోచన కూడా కట్టుకున్నాను.

పొద్దున్న పెరట్లో అమ్మ పొట్టిక్కలు దించుతోంది. పనసాకుల బుట్టల్లోంచి ఆవిరి వస్తోంది. నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా, ఒక పళ్ళెంలో రెండు పెట్టి కొబ్బరి పచ్చడి వేసింది. ఆకలి లేదు. కడుపు ఇంకా బరువుగానే ఉంది. పళ్ళెం తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఆకు పుల్లలు ఒక్కొక్కటీ తీసి, ఆకు విప్పి, వేడి తగ్గేదాకా ఊది, రెండూ తిన్నాను. లోపలికెళ్ళి నోట్‌బుక్ తీసి 7:40 అని రాశాను.